కూలివాడి జీతం, పరదేశి విశ్రాంతి: యెరూషలేములో ఒక కేర్‌గివర్ అనుభవం

కేర్‌గివర్ పనికి ఇజ్రాయెల్ వచ్చేవాళ్లకు ట్రైనింగులో చాలా నేర్పుతారు. మనిషిని మంచం మీంచి వీల్‌చెయిర్‌లోకి మన నడుం పట్టేయకుండా ఎలా దించాలి, షుగర్ పడిపోతే ఏం చెయ్యాలి, ఒంటికి పుండ్లు పడకుండా ఎలా పక్కకు తిప్పాలి, నాలుగు హీబ్రూ ముక్కలు. గ్యాస్ పొయ్యి ఎవరు వెలిగించాలన్నది మాత్రం చెప్పరు. నేను చేరిన ఇంట్లో అదే మొదటి పాఠం.

ఇంటి పెద్దాయన్ని అందరూ సబా అంటారు, అంటే తాత. నేనూ అలాగే పిలిచేవాణ్ణి. ఎనభై దాటిన రిటైర్డు మాస్టారు, పార్కిన్సన్స్, భార్య పోయింది. పొద్దున్నే గుడ్డు ఉడకబెడదామని గిన్నె పొయ్యి మీద పెట్టి నాబ్ మీద చెయ్యి వేశాను. ‘రెగా, రెగా’ అంటూ వాకర్ తోసుకుంటూ వచ్చేశారు. ఆగమని. వణికే వేళ్లతో ఆయనే నాబ్ తిప్పారు, నాలుగైదుసార్లు టిక్కుటిక్కుమని మంట అంటుకుంది. ‘ఇక నీ ఇష్టం, వండు’ అన్నారు.

యూదుడు కానివాడు వండిన వంట తినకూడదని వాళ్ల పూర్వపు జ్ఞానులు పెట్టిన కట్టుబాటు. ఇది మోషే ఐదు కాండాల్లో ఎక్కడా ఉండదు. కలిసి తిని తాగితే వియ్యాలు కలుస్తాయి, జాతి కలిసిపోతుంది అన్న భయంతో తర్వాత పుట్టింది. సబా లాంటి అష్కెనాజీలకు, అంటే యూరప్ నుంచి వచ్చిన వాళ్లకు, యూదుడు మంట వెలిగిస్తే చాలు, మిగతాది నేను చెయ్యొచ్చు. పై అంతస్తులో ఇరాక్ నుంచి వచ్చిన కుటుంబం ఉంది. అక్కడ పనిచేసే కేరళ అమ్మాయికి ఇది సరిపోదు, గిన్నెను కూడా ఆ ఇంటి ముసలమ్మే పొయ్యి మీద పెట్టాలి. పచ్చిగా తినగలిగే వాటికి ఈ గొడవ లేదు. నీళ్లు పచ్చివే తాగుతాం కాబట్టి టీకి పొయ్యి నేనే వెలిగించుకోవచ్చు. ఉప్మాకి ఆయన రావాల్సిందే.

మాది కోనసీమ. చిన్నప్పట్నుంచీ చర్చి, సండే స్కూలు. నిర్గమకాండం, లేవీయకాండం, ద్వితీయోపదేశకాండం పేర్లు వరుసగా అప్పజెప్పేవాణ్ణి. ధర్మశాస్త్రం అంటే ఏమిటో నాకు తెలుసనే అనుకున్నాను. తెలిసింది వచనాలు. ఆ వచనం నుంచి పొయ్యి నాబ్ దాకా ఎంత దూరం ఉందో సబా ఇంట్లో చూశాను.

పాలు, మాంసం సంగతే చూడండి. మేకపిల్లను దాని తల్లిపాలలో వండొద్దన్న మాట ఐదు కాండాల్లో మూడుసార్లు వస్తుంది. ఒకే మాట మూడుసార్లు ఎందుకు? దేవుడు ఊరికే తిరిగి చెప్పడు, ఒకటి వండొద్దని, ఒకటి తినొద్దని, ఒకటి దానివల్ల ఏ లాభమూ పొందొద్దని అన్నారు జ్ఞానులు. అక్కణ్ణుంచి రెండు సింకులు, రెండు సెట్ల గిన్నెలు, రెండు స్పాంజీలు. మా వంటింట్లో ఎర్ర స్టిక్కరున్నవి మాంసానికి, నీలం స్టిక్కరువి పాలకు, పచ్చవి రెంటికీ చెందని ‘పర్వె’కి. మాంసం తిన్నాక ఆరు గంటల దాకా పాలచుక్క ముట్టరు. జర్మనీ యూదుల ఇళ్లలో మూడు గంటలట, హాలండ్ వాళ్లకు ఒక్క గంటట. సబా దీనికి ఒక కథ చెప్పి నవ్వేవారు: మార్ ఉక్బా అనే గురువు, మా నాన్న ఈ రోజు మాంసం తింటే రేపటిదాకా జున్ను ముట్టేవాడు కాదు, నేను మాత్రం ఒక పూట ఆగి తర్వాతి పూటకి తినేస్తాను, ద్రాక్షారసానికి పుట్టిన పులుపును నేను అన్నాడట.

కోడికి పాలెక్కడివి అని అడిగాను. అదే ప్రశ్న రెండు వేల ఏళ్ల కిందట గలిలయలో రబ్బీ యోసే అనే గురువు అడిగాడు, ఆయన ఊళ్లో కోడిని పాలతో తినేవాళ్లు అన్నారు సబా. మరి మీరెందుకు తినరు? ఓడిపోయాడు కాబట్టి. కానీ ఆయన మాట తాల్మూదులోంచి, అంటే ఆ జ్ఞానుల వాదాలన్నీ కూర్చిన గ్రంథంలోంచి, కొట్టెయ్యలేదు, అక్కడే ఉంది, రోజూ ఎవరో ఒకరు చదువుతూనే ఉంటారు అన్నారు. ఓడినవాడి వాదాన్ని కూడా దాచిపెట్టే శాస్త్రం నేను అప్పటిదాకా చూడలేదు.

చేప పర్వె. ఇది మనవాళ్లకు వరం. అయితే రెక్కలూ పొలుసూ రెండూ ఉన్న చేపే తినాలి. రొయ్య, పీత, జెల్ల, వాలుగ అన్నీ అవుటు. పులసకు పొలుసుంది కాబట్టి గోదావరి పరువు నిలబడింది. తిలాపియాతో పులుసు పెట్టాను. ఆయన మంట వెలిగించారు, కారం తగ్గించమని నిలబడి కాపలా కాశారు, తిన్నాక ‘మనిద్దరం కలిసి వండాం’ అన్నారు కొడుక్కి ఫోన్‌లో.

పొయ్యి విషయంలో నేను చిన్నబుచ్చుకోలేదు. వైన్ విషయంలో చిన్నబుచ్చుకున్నాను. శుక్రవారం రాత్రి పెద్దకొడుకు కుటుంబం వచ్చింది. కిద్దూష్ అని వైన్ గ్లాసు పట్టుకుని ప్రార్థన చదివి భోజనం మొదలుపెడతారు. మూత తీసిన సీసా బల్ల చివర ఉంటే అందిద్దామని చెయ్యి చాపాను. కొడుకు మెల్లిగా, చాలా మర్యాదగా, నాకంటే ముందు తీసేసుకున్నాడు. ఏమీ అనుకోవద్దు అన్నాడు. యూదుడు కానివాడు ముట్టిన వైన్ వాళ్లు తాగరు. పూర్వం వైన్‌ని విగ్రహాలకు ధారపోసేవాళ్లు, ముట్టినవాడు మనసులో ధార పోశాడేమోనని అనుమానం. అంతకుమించి మళ్లీ ఆ వియ్యాల భయమే.

మా తాతకు హోటల్లో వేరే గ్లాసులో టీ పోసిన ఊరు నాది. ఆ గ్లాసు ఆయనే కడిగి చూరులో పెట్టి రావాలి. కారణం శాస్త్రంలో ఉందని అక్కడా చెప్పేవాళ్లు. అందుకని ఆ రాత్రి నాకు అన్నం సహించలేదు. మర్నాడు సబాకి ఇది ఉన్నదున్నట్టు చెప్పాను, టీ గ్లాసు సంగతితో సహా. ఆయన వెంటనే సమర్థించుకోలేదు, సారీ అని కొట్టిపారెయ్యలేదు. చాలాసేపు అడిగారు: ఆ గ్లాసు ఎక్కడ పెట్టేవాళ్లు, ఎవరు పొయ్యాలి, ఎప్పటిదాకా నడిచింది. తర్వాతి శుక్రవారానికి బల్ల మీద కొత్త రకం సీసా. దాని మీద ‘మెవుషాల్’ అని ఉంది, అంటే కాచిన వైన్. కాచిన దాన్ని విగ్రహాలకు పొయ్యరు కాబట్టి ఆ నిషేధం దానికి లేదు. ‘నువ్వే పొయ్యి’ అన్నారు సబా అందరి ముందూ. పోశాను. నిషేధం ఉన్నచోటే ఉంది, నా చెయ్యి మాత్రం దాని బయటికొచ్చింది. ఇది న్యాయమా, తెలివైన సందా అంటే, రెండూ అనే అంటాను.

ఇక సబ్బాతు, వాళ్ల వారపు విశ్రాంతి రోజు. శుక్రవారం సూర్యాస్తమయానికి ముందు మొదలై శనివారం చీకటి పడి చుక్కలు కనపడేదాకా. మొదట్లో నాకు అది పండగలా కాదు, పరీక్షలా ఉండేది. మధ్యాహ్నానికల్లా వంట అయిపోవాలి. ఫ్రిజ్ లోపలి బల్బు ఆపెయ్యాలి, వేడి పలక మీద గిన్నెలు సర్దాలి, నీళ్ల అర్న్ నింపాలి, లైట్లకు టైమర్లు పెట్టాలి, బాత్రూంలో టిష్యూ ముందే చింపి పెట్టాలి. ఐదు కాండాల్లో ఉన్నది మాత్రం పని చెయ్యొద్దు, నిప్పు రాజేయొద్దు, ఇలాంటి కొద్ది మాటలే. పని అంటే ఏమిటి? అరణ్యంలో ప్రత్యక్ష గుడారం కట్టడానికి ఏ పనులు అవసరమయ్యాయో అవి అని తేల్చి, దున్నడం, విత్తడం, కొయ్యడం, ముడి వెయ్యడం, రాయడం వగైరా 39 పనుల పట్టీ వేశారు. సుమారు క్రీ.శ. 200లో కూర్చిన మిష్నా అనే నియమాల గ్రంథంలో ఆ పట్టీ ఉంది. సబ్బాతు నియమాలు వెంట్రుకకు వేలాడే కొండల్లాంటివి, వచనాలు కొంచెం, నియమాలు బోలెడు అని ఆ మిష్నానే ఒప్పుకుంటుంది. ఈ మాట చదివాక నాకు వాళ్ల మీద గౌరవం పెరిగింది. తెలిసే కట్టారన్నమాట.

ఆ 39లో ఏరడం ఒకటి. పనికొచ్చేదాంట్లోంచి పనికిరానిదాన్ని ఏరి పారెయ్యకూడదు. అంటే చేపలోంచి ముల్లు తియ్యకూడదు! ముళ్లు తీసి ముద్దలు చేసిన చేప శుక్రవారమే వండి పెట్టుకోవడం వాళ్లలో అంత పాతుకుపోవడానికి ఇదొక కారణం. చేపనే ముల్లు నుంచి తీసుకుని, చేత్తో, అప్పటికప్పుడు తింటే తప్పులేదట. గోదావరి జిల్లాల వాళ్లం ఎప్పుడూ తినేది అలాగే కదా.

నేను యూదుణ్ణి కాదు కాబట్టి నాకు సబ్బాతు లేదు, లైటు వేసి పెట్టమంటారని అనుకున్నాను. అడగరు. తను చెయ్యకూడని పనిని ఇంకొకరితో చేయించుకోవడం కూడా జ్ఞానులు నిషేధించారు. మిష్నాలో ఒక వాక్యం ఉంది: అన్యుడు దీపం వెలిగిస్తే ఆ వెలుగు వాడుకోవచ్చు, కానీ యూదుడి కోసం వెలిగిస్తే వాడుకోకూడదు. కింద ఒక కథ. రబ్బాన్ గమలియేలూ పెద్దలూ ఓడలో వచ్చారు, సబ్బాతు రోజు ఒక అన్యుడు దిగడానికి పలక వేశాడు, వాళ్లూ దాని మీదే దిగారు. కాబట్టి చీకట్లో నాకు పుస్తకం చదువుకోవాలనిపించి హాల్లో లైటు వేసుకుంటే సబా కూడా ఆ వెలుగులో చదువుకోవచ్చు. ఆయన కోసమే వేస్తే కూడదు. నా మనసులో ఏముందో ఎవరు చూశారు? శుక్రవారం రాత్రుళ్లు నాకు చదువు మీద ఆసక్తి బాగా పెరిగింది.

జబ్బు మనిషికి అవసరమైతే మాత్రం నన్ను అడగొచ్చు. ప్రాణం మీదికొస్తే ఏ నియమమూ అడ్డు రాదు. ఇది వినడం వేరు, చూడడం వేరు. ఒక సబ్బాతు రాత్రి సబాకి ఊపిరాడలేదు. పెదవులు నీలంగా మారాయి. పెద్దకొడుకు ఆ వారం అక్కడే పడుకున్నాడు, గడ్డం, టోపీ, సబ్బాతు రోజు ఫోన్ వైపు కన్నెత్తి చూడనివాడు. నా జేబులో ఫోన్ ఉంది, నేను చేస్తే ఎవరికీ పాపం లేదు. కానీ అతను నన్ను చూడనే లేదు. అలమార తెరిచి తన ఫోన్ ఆన్ చేసి 101 కొట్టాడు, అంబులెన్స్ ఎక్కి తండ్రితో వెళ్లిపోయాడు. నీరు చేరిందని మందులిచ్చి రెండో రోజు పంపారు. తర్వాత సబా తాల్మూదులో యోమా అనే భాగంలోంచి చూపించారు: ప్రాణం నిలిపే పనిని అన్యుల చేత, పిల్లల చేత చేయించొద్దు, పెద్దలే చెయ్యాలి. ఎందుకంటే ఇవాళ అన్యుణ్ణి పిలిచి చేయిస్తే, చూసినవాళ్లు రేపు ఇలాంటప్పుడు అన్యుడి కోసం వీధిలో వెతుకుతారు, ఈలోగా మనిషి పోతాడు. ఆజ్ఞలు బతకడానికి ఇచ్చినవి అని లేవీయకాండం 18లో ఉందిగా అన్నారు.

చదువు మొదలైంది ఆ ఆసుపత్రి తర్వాతే. వాళ్ల చదువు ఒంటరిగా సాగదు. ఇద్దరు ఎదురెదురుగా కూర్చుని పోట్లాడుకుంటూ చదవాలి. సబా జతగాడు ఒక పాత స్నేహితుడు, మోకాళ్లు పోయి మా మెట్లెక్కలేకపోయాడు. ‘నీకు పాత నిబంధన వచ్చు కదా, కూర్చో’ అన్నారు. ఆయన ముందు పెద్ద తాల్మూదు ప్రతి. పేజీ నడుమ మిష్నా, దాని మీద చర్చ. ఒక పక్క 11వ శతాబ్దంలో ఫ్రాన్సులో ఉన్న రాషీ వ్యాఖ్య, రెండో పక్క ఆయన మనవళ్లూ వాళ్ల శిష్యులూ రాషీతో పడిన తగువు. 1520ల్లో వెనిస్‌లో అచ్చయినప్పటి నుంచీ పేజీ ఇలాగే ఉందట. నా చేతిలో ఫోన్, సెఫారియా యాప్‌లో ఇంగ్లీషు. ఆయన అరమాయికులో రాగం తీస్తూ చదివితే నేను ఇంగ్లీషులో వెంటపడేవాణ్ణి. ఊరికే తల ఊపితే కోపం. ‘ఎదురడుగు’ అనేవారు.

మొదట కంటికి కన్ను చదివాం, నేనే అడిగాను. సండే స్కూల్లో విన్నది ఒకటే: మోషే కంటికి కన్ను అన్నాడు, యేసు రెండో చెంప చూపమన్నాడు. తాల్మూదు తెరిస్తే అక్కడ కన్ను పీకే మాటే లేదు, అంతా డబ్బు లెక్క. గుడ్డివాడు ఒకడి కన్ను పోగొడితే వాడి దగ్గర ఏ కన్ను తీస్తావు? ఇద్దరి కళ్లూ ఒకే సైజు కాకపోతే? సంఖ్యాకాండంలో హంతకుడి ప్రాణానికి డబ్బు తీసుకోవద్దని ఉంది, అంటే అవయవాలకు తీసుకోవచ్చనేగా? ఇలా నెట్టుకుంటూ వెళ్లి ఐదు రకాల చెల్లింపుల దగ్గర ఆగుతారు: నష్టం, నొప్పి, వైద్యం, పోయిన పని రోజులు, పడ్డ అవమానం. పోయిన పని రోజుల లెక్క దోసపాదు కాపలాదారు కూలి ప్రకారం కట్టాలట. చెయ్యి పోయిన నష్టం ముందే ఇచ్చేశారు, ఇక ఆ మనిషి చెయ్యగలిగే పని పాదు కాపలానే కాబట్టి. రబ్బీ ఎలియేజరు ఒక్కడు, కన్నంటే కన్నే అన్నాడని కూడా రాసి ఉంది. ఆ మాటను తర్వాతివాళ్లు ఎంత వంచాలో అంత వంచారు.

ఆ తర్వాత సబా తాల్మూదులోనే బాబా మెత్సియా అనే గ్రంథం తీశారు. కూలి గురించిన తొమ్మిదో అధ్యాయం. కూలివాడి జీతం పొద్దు గుంకేలోగా ఇవ్వాలి, అతను బీదవాడు, దాని మీదే ప్రాణం పెట్టుకున్నాడు అన్న ద్వితీయోపదేశకాండం మాట మనకూ తెలుసు. ఆ వచనం నీ ఊళ్లో ఉన్న పరదేశిని కూడా కలిపే చెబుతుంది. మిష్నా దాన్ని విడగొడుతుంది. పగటి కూలి రాత్రంతా అడగొచ్చు, రాత్రి కూలి పగలంతా అడగొచ్చు. కూలివాడు అడిగాకే యజమానికి పాపం తగులుతుంది, అడక్కపోతే లేదు. నా జీతంలో కొంత ప్రభుత్వ బీమా సంస్థ నుంచి వచ్చేది, మిగతాది సబా ఇచ్చేవారు. నెలాఖరు సాయంత్రం పొద్దు వాలుతుంటే కొడుక్కి ఫోన్ చేసి ‘పంపావా’ అని అడగడం, అతను రేపు చేస్తానంటే గడియారం చూడడం నేను అంతకుముందే గమనించాను. చాదస్తం అనుకున్నాను. పేజీ చూశాక అర్థమైంది.

దాని మీద ప్రాణం పెట్టుకున్నాడు అంటే ఏమిటని తాల్మూదు అడుగుతుంది. జవాబు ఇలా ఉంటుంది: ఇతను నిచ్చెన లాంటి మెట్టెక్కి, చెట్టుకు వేలాడి, చావుకు తన్ను అప్పగించుకున్నది ఎందుకు, కూలి కోసం కాదా?

మా నాన్న కొబ్బరి దింపు కూలీ. నేను ఇంగ్లీషు వాక్యం మళ్లీ చదివాను, అర్థం కాక కాదు. సబా ఏమైందని అడిగితే చెప్పాను. ఆయన మాస్టారు మనిషి, ఓదార్చడం తెలియదు, ప్రశ్నలడగడం తెలుసు. ఎలా ఎక్కుతాడు, కాళ్లకు బందం వేసుకుంటాడా, కూలి చెట్టుకా కాయకా, అదే రోజు ఇస్తారా? ఇవ్వరు, సంత రోజున రమ్మంటారు, కాయల లెక్క తేలాక అంటారు అని చెప్పాను. ‘అడిగేవాడా?’ అన్నారు. అడిగితే తర్వాతి దింపుకి ఇంకొకర్ని పిలుస్తారు సబా, అందుకే అడిగేవాడు కాదు అన్నాను. ఆయన మిష్నా వాక్యం మీద వేలు పెట్టి ఉంచారు. అడిగాకే పాపం. ‘ఇక్కడ కన్నం ఉంది’ అన్నారు. రాషీ ఏమన్నాడు, ఇంకెవరేమన్నారు అని ఆ పూట, మర్నాటి పూట వెతికారు. తృప్తిపడ్డట్టు లేరు. నా అభిప్రాయం ఇప్పటికీ ఇదే: అంత దయగా రాసిన నియమం కూడా నోరున్న కూలివాడి కోసమే రాశారు.

నాతో వచ్చిన ఒక స్నేహితుడు వేరే ఊళ్లో పనిచేస్తూ టీవీ ఎత్తబోయి పడేశాడు. ఇంటివాళ్లు జీతంలో కోస్తామన్నారు. సబాకి చెబితే అదే గ్రంథంలో 83వ పత్రం తీశారు. ఒక గురువు దగ్గర హమాలీలు వైన్ పీపా మోస్తూ పగలగొట్టారు. ఆయన వాళ్ల పైబట్టలు లాక్కున్నాడు. రవ్ అనే పెద్ద గురువు బట్టలిచ్చెయ్యమన్నాడు. ఇది చట్టమేనా అంటే, అవును, మంచివాళ్ల దారిలో నడువు అని రాసి ఉంది అన్నాడు. అప్పుడు హమాలీలు, పొద్దుట్నుంచి మోశాం, ఆకలేస్తోంది, చేతిలో ఏమీ లేదు అన్నారు. కూలి కూడా ఇవ్వమన్నాడు. ఇదీ చట్టమేనా అంటే, అవును, నీతిమంతుల బాట తప్పొద్దు అని ఉంది కదా అన్నాడు. స్నేహితుడి యజమానులకు మతపట్టింపు లేదు, ఈ పేజీ వాళ్లకు పనిచెయ్యదు. అతను కార్మిక హక్కుల సంఘం దగ్గరికెళ్లి వాళ్ల చేత ఉత్తరం రాయించుకున్నాడు. అది పనిచేసింది.

అప్పుడు నేనడిగాను, చాలాకాలంగా అడగాలనుకున్నది. నాలుగో ఆజ్ఞలో నీ ఇంట ఉన్న పరదేశి కూడా ఆ రోజు పని చెయ్యకూడదని ఉంది. నిర్గమకాండం 23లో నీ ఎద్దూ గాడిదా విశ్రమించాలి, నీ దాసి కొడుకూ పరదేశీ తెప్పరిల్లాలి అని ఉంది. పరదేశిని బాధపెట్టొద్దన్న హెచ్చరిక తోరాలో, అంటే ఆ ఐదు కాండాల్లో, 36 చోట్ల, కొందరి లెక్కలో 46 చోట్ల ఉందని మీ తాల్మూదే చెబుతోంది. మరి శనివారం నేనెందుకు పనిచేస్తున్నాను?

నిజానికి ఇది ఒక్క సబా ఇంటి ప్రశ్న కాదు. ఇజ్రాయెల్‌లో పని గంటలకూ వారపు విశ్రాంతికీ 1951 చట్టం ఉంది. ఇంట్లోనే ఉండి చూసుకునే కేర్‌గివర్లకు ఆ చట్టం వర్తించదని, కాబట్టి ఓవర్‌టైం రాదని సుప్రీంకోర్టు 2009లో తీర్పిచ్చింది, 2013లో మళ్లీ విచారించి అదే ఖాయం చేసింది. ఫిలిప్పీన్స్ నుంచి వచ్చిన ఒక కేర్‌గివర్ వేసిన కేసు అది. వారానికో సెలవు రోజు మనకుంది, కానీ చాలా ఇళ్లలో ఎంతో కొంత డబ్బిచ్చి ఆ రోజు కూడా ఉండిపొమ్మంటారు, మనమూ ఇంటికి పంపే డబ్బు చూసుకుని ఉండిపోతాం. నేనూ అలా ఉన్నవాణ్ణే.

సబా ఆ పూట జవాబు చెప్పలేదు. తర్వాత రెండు పుస్తకాలు తీయించారు. నాలుగో ఆజ్ఞలోని పరదేశి అంటే యూదు మతంలోకి వచ్చినవాడు, 23లోని పరదేశి అంటే విగ్రహాలు వదిలి వాళ్ల మధ్య బతికే పొరుగువాడు అని తాల్మూదు పంచింది. నేను మొదటివాణ్ణి కాదు, రెండోవాణ్ణి అవుతానేమో. ఆ రెండోవాడి గురించి 12వ శతాబ్దపు రాంబామ్, ఈజిప్టులో వైద్యుడిగా బతికిన మహా పండితుడు, తేల్చి రాశాడు: యూదుడి దగ్గర కూలికి ఉన్న అలాంటి పరదేశి సబ్బాతు రోజు తన యజమాని పని చెయ్యకూడదు, తన సొంత పని చేసుకోవచ్చు.

నాకు నవ్వొచ్చింది. ఒక పక్క మర్యాదగా నాకు విశ్రాంతి ఇచ్చాడు, ఇంకో పక్క నేను ఆ పరదేశినా కాదా అన్నది ఇంకో నాలుగు పేజీల తగువు. నిజానికి ఇవాళ అలాంటి హోదా ఎవరికీ అధికారికంగా లేదని సబానే చెప్పారు. అయినా ఆయన అక్కడితో వదల్లేదు. ఆ శుక్రవారం నుంచి ఇంట్లో పద్ధతి మారింది. ఒంటికి సంబంధించినవి, మందులు, బాత్రూం, లేపడం, పడుకోబెట్టడం సబ్బాతు రోజు చేస్తాను, అది జబ్బు మనిషి అవసరం. గిన్నెలు, బట్టలు, తుడవడం వద్దు. మనవలు తిని వదిలేసిన పళ్లేలు శనివారం చీకటి పడేదాకా సింకులో అలాగే. కోడలు సణిగింది. నెలలో రెండు శనివారాలు మనవడు వచ్చి ఉండేలా, నేను పూర్తిగా బయటికెళ్లేలా కొడుకుతో మాట్లాడారు. కాగితం మీద నా హక్కు ముందూ ఉన్నదే. కోర్టు ఇవ్వని దాన్ని ఒక ముసలాయన పేజీలు తిప్పి ఇచ్చాడని కాదు, డబ్బు తగ్గకుండా ఇచ్చాడు, అది చెప్పాలి.

పస్కా పండగ గురించి రెండు ముక్కలు, కొత్తవాళ్లకు పనికొస్తుంది. ఏడు రోజులు ఇంట్లో పులిసిన పిండివంట ఏదీ ఉండకూడదు. ముందు వారమంతా సోఫా కుట్ల మధ్య కూడా రొట్టె పొడి దులుపుతాం, నడుం విరుగుతుంది. ముందు రాత్రి కొవ్వొత్తి, ఈక, చెక్క గరిటె పట్టుకుని వెతుకుతారు, దొరకాలని పది ముక్కలు వాళ్లే దాస్తారు. నా చపాతీ పిండీ నూడుల్స్ ప్యాకెట్లూ పారెయ్యమంటారనుకున్నాను. అక్కర్లేదు. నీది కనపడకూడదని వచనం, ఇతరులది కనపడొచ్చని తాల్మూదు. నా అలమారకు అడ్డుగా అట్ట పెట్టి టేపు వేశారు. అన్నం మాత్రం సమస్య: అష్కెనాజీలు పస్కాలో బియ్యం తినరు, పై అంతస్తు ఇరాక్ వాళ్లు తింటారు. నేను తినొచ్చు, వాళ్ల పస్కా గిన్నెల్లో వండకూడదు. చిన్న రైస్ కుక్కర్ కొనుక్కుని నా గదిలో పెట్టుకున్నాను.

మతపట్టింపున్న ఇంట్లో చేరేవాళ్లు మొదటి వారమే ఇవి అడిగి రాసుకోండి: పొయ్యి ఎవరు వెలిగించాలి, గిన్నె కూడా వాళ్లే పెట్టాలా, మాంసం తర్వాత ఎన్ని గంటలు, వైన్ ఏ రకం కొంటారు, సబ్బాతులో మీ నుంచి ఏ పని ఆశిస్తారు, మీ సెలవు ఏ గంటకు మొదలై ఏ గంటకు అయిపోతుంది, సందేహం వస్తే ఏ రబ్బీని అడుగుతారు. సిగ్గుపడకుండా ఎందుకని కూడా అడగండి. ఆ ప్రశ్న వాళ్లకు కొత్త కాదు, చిన్నప్పట్నుంచీ అడుగుతూ పెరిగినవాళ్లే. జీతం మాట మాత్రం నోటితో వదిలెయ్యకండి, తేదీతో కాగితం మీద రాయించుకోండి, ఆ తేదీ దాటితే ఆ రోజే అడగండి.